పిల్లల పాలపళ్ళు పుచ్చకుండా రోజూ ఏం చేయాలి, ఎలా చేయాలి

"మేం చాక్లెట్లు అసలు కొనం, మరి బాబుకి పై ముందు పళ్ళు నాలుగూ ఎందుకు పుచ్చాయి?" విజయవాడ, గుంటూరు తల్లులు మాటిమాటికీ అడిగేది ఇదే. చాలా ఇళ్ళలో జవాబు రాత్రి పాలసీసాలో ఉంటుంది. లేదంటే గంటకోసారి చేతిలో పెట్టే బిస్కెట్‌లోనో, "తోముకో నాన్నా" అని బ్రష్ పిల్లాడి చేతికే ఇచ్చి వదిలేయడంలోనో ఉంటుంది. ఈ మూడూ సరిచేసుకునే పద్ధతి కింద ఉంది. మొదటి పన్ను వచ్చే దాదాపు ఆరో నెల నుంచి ఏడెనిమిదేళ్ళ దాకా పనికొస్తుంది.

పాలపళ్ళే కదా, ఊడిపోయేవే అని సర్దిచెప్పుకోకండి. దవడ పాలపళ్ళు పది పన్నెండేళ్ళ వయసు దాకా నోట్లోనే ఉంటాయి. మూడేళ్ళకి పుచ్చితే ఇంకో ఏడెనిమిదేళ్ళు ఆ పంటితోనే నమలాలి.

ముందు తెలియాల్సింది ఇంతే

నోట్లో వందల రకాల సూక్ష్మజీవులుంటాయి. పుచ్చుకి సంబంధించి ఎక్కువగా వినపడే పేరు స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్. పంచదార తగలగానే ఇది ఆమ్లం తయారుచేస్తుంది. అదే పంచదారతో జిగురు అల్లుకుని పంటికి అంటుకుంటుంది కూడా. మనం పాచి అనేది ఆ పొరనే. పాచిలో పీహెచ్ (ఆమ్లం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5 కంటే కిందకి దిగితే పంటి పైనుండే గట్టి పొర ఎనామెల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిపోవడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్ళీ మామూలుకి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందుకే ఒక లడ్డూ ఒక్కసారిగా తినేసినదానికంటే, అదే లడ్డూ సాయంత్రమంతా కొరుక్కుంటూ తిరిగితే నష్టం ఎక్కువ. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి రాత్రి తాగిన తీపి పాలు పళ్ళమీదే నిలిచిపోతాయి. పాలపళ్ళకి ఎనామెల్ పల్చన, పుచ్చు లోపలికి తొందరగా దిగుతుంది.

కావలసినవి

- చిన్న తల ఉన్న, బాగా మెత్తటి కుచ్చు బ్రష్. మూడు నెలలకోసారి మార్చాలి. కుచ్చు విచ్చుకుపోతే అంతకంటే ముందే.
- ఫ్లోరైడ్ పేస్ట్. ఎనామెల్ గట్టిపడటానికి సాయపడేది ఫ్లోరైడే. ట్యూబ్ మీద 1000 పీపీఎం (పదిలక్షల పాళ్ళలో వెయ్యి పాళ్ళు) అని ఉందో లేదో చూడండి. బొమ్మలేసి పిల్లల పేస్ట్ అని అమ్మేవాటిలో కొన్నిటికి ఫ్లోరైడ్ సగమే ఉంటుంది, కొన్నిటికి అసలుండదు. ముందువైపు బొమ్మ కాదు, వెనక అచ్చు చదవండి.
- ఉతికిన మెత్తటి నూలు గుడ్డ ముక్కలు.
- ఫోన్ టార్చి.
- దవడ పళ్ళు ఒకదానికొకటి ఆనుకున్న పిల్లలకి పుల్ల ఉన్న ఫ్లాస్, అంటే పళ్ళ సందులు శుభ్రం చేసే దారం.
- గోడ క్యాలెండర్, పెన్ను.

నీళ్ళ సంగతి కూడా ఒకసారి చూసుకోండి. సిటీలో చాలామంది తాగేది ఆర్వో క్యాన్ నీళ్ళే. వాటిలో ఫ్లోరైడ్ దాదాపు పోతుంది కాబట్టి పేస్ట్ ద్వారా అందేదే దిక్కు. పల్నాడు, ప్రకాశం వైపు కొన్ని ఊళ్ళలో ఇది తలకిందులు, బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ మరీ ఎక్కువ. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు తాగుతుంటే ముందు తాగే నీళ్ళు మార్చండి. పేస్ట్ ఎంత వాడాలో డాక్టర్ని అడిగి వాడండి.

1. మూడు రోజులు లెక్క రాయండి

ఏమీ మార్చకుండా, మంచినీళ్ళు తప్ప పిల్లాడి నోట్లోకి వెళ్ళిన ప్రతిదానికీ క్యాలెండర్ మీద ఒక గీత పెట్టండి. తీపి ఉంటే గీతకి సున్నా చుట్టండి. ఎంత తిన్నాడో రాయక్కర్లేదు, ఎన్నిసార్లో చాలు.

మామూలు ఇంట్లో రెండున్నరేళ్ళ బాబు రోజు ఇలా ఉంటుంది. ఏడింటికి పంచదార వేసిన పాలు. ఎనిమిదిన్నరకి ఇడ్లీ. పదింటికి బిస్కెట్లు. పన్నెండున్నరకి పప్పన్నం. మూడింటికి పాలలో ముంచిన రస్కు. నాలుగున్నరకి తాతయ్యతో కొట్టుకెళ్తే పళ్ళరసం ప్యాకెట్. ఆరింటికి మాల్ట్ పొడి కలిపిన పాలు. ఏడింటికి ఏడుస్తున్నాడని చిన్న చాక్లెట్. ఎనిమిదింటికి పెరుగన్నం. తొమ్మిదిన్నరకి పాలసీసా, రాత్రి రెండింటికి ఇంకో సీసా. సున్నాలు లెక్కపెడితే ఎనిమిది. చాక్లెట్ వల్ల పడింది అందులో ఒక్కటే.

జనం లెక్కలోకి తీసుకోనివి ఇవి: బెల్లం, తేనె, పటికబెల్లం, గ్లూకోజ్ నీళ్ళు, డబ్బా ఉగ్గుపొడి, ఇంట్లో తీసిన బత్తాయి రసం, జ్వరానికీ దగ్గుకీ పోసే సిరప్పులు. బెల్లం మంచిదని అమ్మమ్మలు వాదిస్తారు. పంటిమీదున్న సూక్ష్మజీవికి బెల్లమైనా పంచదారైనా ఒకటే. తేనెకైతే ఇంకో చిక్కుంది. ఏడాది లోపు పిల్లలకి బొటులిజం అనే విషజబ్బు ప్రమాదం ఉంది కాబట్టి చుక్క కూడా నాకించకూడదు, నోట్లో పెట్టే పాలపీకకి రాయడం అసలొద్దు.

చిప్స్, మెత్తటి బ్రెడ్డు, మైదా బిస్కెట్లు తీపి అనిపించకపోయినా దవడ పళ్ళ గాళ్ళలో అతుక్కుని చాలాసేపు ఉంటాయి. వాటికీ సున్నా చుట్టండి.

2. సార్లు తగ్గించండి

మూడు పూటల భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి. మొత్తం అయిదు. తీపి పెట్టాలనుంటే భోజనం అవగానే పెట్టేయండి. బందరు లడ్డూ వచ్చినా, మంగళగిరి నుంచి పానకం తెచ్చినా, పుట్టినరోజు కేకైనా కూర్చోబెట్టి ఒకేసారి తినిపించి, నీళ్ళు తాగించి ముగించండి. డబ్బా పిల్లాడికి అందేచోట ఉంచితేనే చిక్కు.

మధ్యలో పెట్టడానికి ఉడికించిన శనగలు, గుడ్డు, పనీర్, దోసకాయ ముక్కలు, కోసిన పండు బాగుంటాయి. గట్టి పల్లీలు, వేయించిన శనగలు నాలుగైదేళ్ళ లోపు పిల్లలకి గొంతులో పడే ప్రమాదం ఉంది, వద్దు. ద్రాక్షపళ్ళు పెడితే నిలువుగా చీల్చి పెట్టండి. పండు పండుగానే పెట్టండి, రసం తీస్తే తీపి మొత్తం పళ్ళమీద పారుతుంది. ఏడాది లోపు పిల్లలకి పళ్ళరసం అవసరమే లేదు.

మే నెల విజయవాడ ఎండల్లో ఇంకో తప్పు జరుగుతుంది. దాహమేస్తోందని మూతి ఉన్న కప్పులో గ్లూకోజ్ నీళ్ళో మామిడి రసమో పోసి మధ్యాహ్నమంతా చేతిలో ఉంచుతారు. పదినిమిషాలకో గుటక అంటే పన్నుకి కోలుకునే వ్యవధే ఉండదు. ఆ కప్పులో మంచినీళ్ళు గానీ పల్చటి ఉప్పు మజ్జిగ గానీ పోయండి. విరేచనాలైనప్పుడు ఓఆర్ఎస్ మాత్రం తప్పనిసరిగా ఇవ్వాలి, అప్పుడు పళ్ళ గురించి ఆలోచించకండి.

అంగన్‌వాడీ బాలామృతంలో పంచదార ఉంటుంది, నిజమే. అయినా మానేయకండి, అందులోని పోషణ పిల్లలకి కావాలి. ఒక పూటగా, చెంచాతో, కూర్చోబెట్టి తినిపించి నీళ్ళు తాగించండి. పొడి పిడికిట్లో పోసి తింటూ తిరగనివ్వకండి.

మందులూ అంతే. సిరప్ ఆపకూడదు. వీలైతే భోజనంతో పాటు ఇచ్చి, తర్వాత నీళ్ళు తాగించండి. రాత్రి మందు బ్రష్‌కి ముందు వేయండి.

3. రాత్రి సీసా మాన్పించండి

అన్నిటికంటే కష్టమైన పని ఇదే, ఫలితం కూడా దీనికే ఎక్కువ. ఏడాది నిండాక మొదలుపెట్టి, ఏడాదిన్నరకల్లా సీసా పూర్తిగా పోవాలి.

హెచ్చరిక: ఏడాది లోపు పిల్లల పాలలో నీళ్ళు కలపకండి. డబ్బా పాలైతే డబ్బా మీద రాసిన కొలతే. కిందిది ఏడాది దాటి, పగలు అన్నం తింటున్న పిల్లలకి మాత్రమే.

మొదటి వారం సీసాలో పంచదార తగ్గించండి. రెండు చెంచాలైతే ఒకటిన్నర, రెండు రోజులకి ఒకటి, తర్వాత అర, తర్వాత సున్నా. మెల్లగా దించితే చాలామంది పిల్లలు గుర్తుపట్టరు. ఒక్కరోజులో సున్నా చేస్తే సీసా విసిరేస్తారు, ఆపైన నాయనమ్మ జాలిపడి మళ్ళీ రెండు చెంచాలు వేస్తుంది.

రెండో వారం పడుకునే ముందు పాలు గ్లాసుతో ఇవ్వండి, అదీ బ్రష్‌కి ముందు. వరస ఇలా ఉండాలి: అన్నం, గ్లాసు పాలు, బ్రష్, పక్క. అర్ధరాత్రి లేస్తే మంచినీళ్ళే. మూడు నాలుగు రాత్రులు గొడవ తప్పదు. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉంటేనే సాగుతుంది.

ఒక్కసారిగా కుదరకపోతే ఇంకో దారుంది. రాత్రి సీసాలో పాలు రోజుకి కొంచెం తగ్గిస్తూ నీళ్ళు పెంచండి. పది పన్నెండు రోజుల్లో సీసాలో నీళ్ళే మిగులుతాయి. అప్పుడు సీసా వదిలించడం తేలిక.

తల్లిపాల మాటేమిటి? రాత్రి పాలిస్తున్నారని ఉన్నట్టుండి మాన్పించక్కర్లేదు. పడుకునే ముందు పళ్ళు శుభ్రంగా తోమి, పిల్లాడు నిద్రలోకి జారగానే నోట్లోంచి రొమ్ము తీసేయండి. ఏడాది దాటాక రాత్రంతా నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ పడుకోవడం, దానికి తోడు పగలు బిస్కెట్లు తినడం, రెండూ కలిస్తేనే ఎక్కువ చేటు.

4. మీరే తోమండి

ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్లల చేతికి ఈ పని సరిగా రాదు. సరదాకి ముందు వాళ్ళని తోముకోనిచ్చి, తర్వాత మీరు తోమండి. ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. రెండిట్లో ఒకటి తప్పిపోయినా అది రాత్రిది కాకూడదు.

పేస్ట్ కొలత: మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. బియ్యపు గింజంత అంటే సుమారు 0.1 గ్రాము, 1000 పీపీఎం పేస్ట్‌లో అంతకి 0.1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్. ఇంత చిన్నపాటిది మింగినా ఫరవాలేదు. ప్రకటనల్లో బ్రష్ పొడవునా పిండి చూపించినట్టు మాత్రం పెట్టకండి. ట్యూబ్ పిల్లలకి అందకుండా ఉంచండి.

రెండేళ్ళ లోపు పిల్లల్ని ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు పెద్దవాళ్ళు మోకాళ్ళు ఆనించుకుని ఒళ్ళో పడుకోబెట్టాలి. తల మీ ఒళ్ళో, కాళ్ళు అవతలివాళ్ళ వైపు. అవతలివాళ్ళు చేతులు పట్టుకుంటారు, మీకు పై పళ్ళు తేటగా కనపడతాయి. ఒక్కరే ఉంటే మంచం మీద పడుకోబెట్టి తలవైపు కూర్చోండి. నిలబెట్టి ఎదురుగా తోమితే పై పళ్ళ చిగుళ్ళ అంచు కనపడదు. పుచ్చు మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

ఎడమచేతి చూపుడువేలితో పై పెదవి ఎత్తండి. పెదవి లోపల సరిగ్గా మధ్యలో, చిగురుకి అంటుకుని సన్నటి చర్మపు తీగలాంటిది కనపడుతుంది. బ్రష్ దానికి తగిలితే చురుక్కుమంటుంది, చాలామంది పిల్లలు బ్రష్ చూడగానే ఏడ్చేది అందుకే. మీ వేలు దానిమీద అడ్డంగా ఉంచి తోమండి. ఈ ఒక్కటి మార్చుకుంటే సగం ఏడుపు తగ్గుతుంది.

కుచ్చు సగం చిగురుమీద, సగం పంటిమీద ఉండేలా వాలుగా పెట్టి చిన్న చిన్న సున్నాలు చుట్టండి. చోటుకి పది అంకెలు లెక్కపెట్టండి. పై ముందు పళ్ళతో మొదలుపెట్టండి, పిల్లాడి ఓపిక అయిపోయేలోపు అవి పూర్తవ్వాలి. తర్వాత పై దవడ పళ్ళు బయటివైపు, లోపలివైపు, నమిలే గాళ్ళు. ఆ తర్వాత కింద. మొత్తం రెండు నిమిషాలు. ఉమ్మగలిగే పిల్లలు ఉమ్మేస్తే చాలు. నీళ్ళతో పుక్కిలిస్తే ఫ్లోరైడ్ అంతా కొట్టుకుపోతుంది.

పళ్ళు ఇంకా రాని పాపాయికి తడి నూలు గుడ్డతో చిగుళ్ళు తుడిస్తే చాలు, పేస్ట్ వద్దు. నిమ్మ, నారింజ లాంటి పులుపు తిన్న వెంటనే బ్రష్ చేయకండి, అరగంట ఆగండి. బొగ్గుపొడి, ఉప్పు, గరుకు పళ్ళపొడి చిన్నపిల్లలకి వద్దు. వేపపుల్ల చిగుళ్ళ అంచుకి చేరదు, చిగురు గీసుకుపోతుంది.

5. దవడ పళ్ళ మధ్య

రెండున్నర, మూడేళ్ళకల్లా వెనక దవడ పళ్ళు రెండూ ఆనుకుంటాయి. ఆ సందులోకి బ్రష్ వెళ్ళదు. బయటినుంచి పన్ను నిగనిగలాడుతూనే ఉంటుంది, ఒకరోజు అన్నం ముద్ద నములుతుంటే ఆ గోడ విరిగి పడుతుంది. రాత్రి బ్రష్‌కి ముందు పైనా కిందా, రెండువైపులా ఒక్కో సందు చొప్పున నాలుగు సందుల్లో ఫ్లాస్ దించండి. నిమిషం పని.

6. ఎంగిలి, పెద్దవాళ్ళ పళ్ళు

పిల్లాడి నోట్లోకి ఈ సూక్ష్మజీవులు ఎక్కువగా ఇంట్లోవాళ్ళ ఎంగిలి ద్వారానే చేరతాయి. చెంచా నోట్లో పెట్టి వేడి చూసి అదే చెంచాతో పెట్టడం, పడిపోయిన పీక నోట్లో పెట్టుకుని కడగడం, నమిలి పెట్టడం మానండి. వేడి చూడాలంటే ముంజేతి మీద వేసి చూడండి. అలాగని ముద్దులకి భయపడక్కర్లేదు. తల్లికి పిప్పిపళ్ళుంటే, కానుపుకి ముందే చూపించుకుని బాగుచేయించుకుంటే ఎంగిలి జాగ్రత్తలన్నిటికంటే ఎక్కువ మేలు.

పని జరుగుతోందో లేదో చూసుకోండి

పదిహేను రోజులకోసారి, పగటి వెలుగులో గానీ ఫోన్ టార్చితో గానీ పై పెదవి ఎత్తి చూడండి. ముందు పన్నుని గుడ్డతో తుడిచి ఆరనివ్వండి, తడిగా ఉంటే తొలి మచ్చ కనపడదు. చిగురు పక్కనే అంచు వెంబడి సున్నంలాంటి తెల్ల గీత ఉంటే పుచ్చు మొదలైనట్టే. ఈ దశలో ఇంకా గుంట పడలేదు. రాత్రి సీసా ఆపి, ఫ్లోరైడ్ పేస్ట్‌తో సరిగ్గా తోమితే అది ఆగిపోగలదు, గట్టిపడగలదు. చాలామంది గోధుమరంగు వచ్చేదాకా గుర్తించరు.

కింద ముందు పళ్ళు మాత్రమే చూసి బాగున్నాయనుకోవద్దు. సీసా తాగేటప్పుడు నాలుక వాటిమీద కప్పుకుంటుంది, లాలాజలం కూడా అక్కడే ఊరుతుంది. అందుకే పైవి నాలుగూ పోయినా కిందివి ముత్యాల్లా ఉంటాయి.

ఐరన్ చుక్కలు వేసే పిల్లలకి పళ్ళమీద నల్లటి చార పడుతుంది. అది పైపూత, డాక్టర్ శుభ్రం చేస్తే పోతుంది. ఆ భయంతో ఐరన్ ఆపకండి. ఫ్లోరైడ్ నీళ్ళ ఊరి పిల్లలకి తెల్ల మచ్చలుంటే అవి ఎక్కువగా రెండువైపులా ఒకేలా, పన్నంతా పరుచుకుని ఉంటాయి. పుచ్చు మచ్చ చిగురంచునే పట్టుకుని ఉంటుంది. తేడా తెలియకపోతే చూపించండి.

మీ బ్రష్ సరిగ్గా పడుతోందో తెలియాలంటే, మూడేళ్ళు దాటిన పిల్లలకి నెలకోసారి ఇలా చేయండి. పెదాలకి వ్యాజిలిన్ రాసి, చెంచా నీళ్ళలో ఎర్ర ఫుడ్ కలర్ ఒక చుక్క కలిపి, దూది పుల్లతో పళ్ళకి అద్ది, ఒకసారి పుక్కిలింపజేయండి. ఎర్రగా మిగిలినచోట పాచి ఉన్నట్టు. ఎక్కువగా అది పై దవడ పళ్ళ బయటివైపు, బుగ్గ వెనకాల కనపడుతుంది. స్నానానికి ముందు చేయండి, చొక్కాకి అంటితే వదలదు. రంగు లేకపోతే బీట్‌రూట్ ముక్క నమిలించినా అంచనాకి చాలు.

ఆరేళ్ళప్పుడు ఏ పన్నూ ఊడకుండానే అన్నిటికంటే వెనక ఒక కొత్త దవడ పన్ను వస్తుంది. పాలపన్ను అనుకుని వదిలేస్తారు. అది జీవితాంతం ఉండాల్సింది. గాళ్ళు లోతుగా ఉంటే వాటిని మూసే పూత, సీలెంట్ అంటారు, వేయమని అడగండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి, ఏమీ లేకపోయినా. తెల్ల గీత కనపడితే ఆ నెలలోనే. చల్లటి నీళ్ళు తాగి ఏడ్చినా, ఒకవైపే నమిలినా, చిగురుమీద చీము పొక్కు లేచినా ఆ వారంలోనే. ముఖం వాచి జ్వరం వచ్చినా, కన్ను మూసుకుపోతున్నా, మింగలేకపోతున్నా అదే రోజు, రాత్రైనా సరే పెద్దాసుపత్రికి వెళ్ళండి. బజారులో వాకుడు గింజల పొగ పెట్టి పంటి పురుగు తీస్తామనేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళకండి. పంట్లో పురుగుండదు, పొగకి నోరు కాలుతుంది.

విజయవాడలో గవర్నమెంట్ డెంటల్ కాలేజీ, గన్నవరం దారిలో చినఅవుటపల్లి సిద్ధార్థ డెంటల్ కాలేజీ, గుంటూరు దగ్గర తక్కెళ్ళపాడు సిబార్ డెంటల్ కాలేజీ ఉన్నాయి. పీడోడాంటిక్స్ ఓపీ ఎక్కడని అడగండి, పిల్లల పళ్ళు చూసే విభాగం అదే. మీ క్యాలెండర్ కాగితం వెంట తీసుకెళ్తే డాక్టర్‌కి సగం పని తగ్గుతుంది.

తొలిదశలో ఎక్కువగా ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు, మూడు నుంచి ఆరు నెలలకోసారి. గుంట పడి, పిల్లాడు డ్రిల్‌కి సహకరించకపోతే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు రాస్తారు. నొప్పుండదు, పుచ్చు ఆగుతుంది, కానీ పుచ్చిన భాగం శాశ్వతంగా నల్లబడుతుంది. ముందు పళ్ళకైతే ఆ సంగతి ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఒప్పుకోండి. వార్నిష్ వేసిన రోజు గట్టివీ వేడివీ పెట్టకండి, డాక్టర్ వేరేలా చెప్తే తప్ప ఆ రాత్రికి బ్రష్ వద్దు. మర్నాడు పొద్దున్నించి మామూలే.